నాగార్జునకొండ యాత్ర – ఒక యోగ్యతాపత్రము

మిర్యాలగూడెమునుండి హాలియా మీదుగా నాగార్జున సాగరమునకు పోవు త్రోవలో ఇరుప్రక్కల వరిచేలు కన్నుల పండువుగా నుండును. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. నాటినుండి ఎడమకాలువ మిర్యాలగూడెము, కోదాడ ప్రాంతముల మెట్టచేలను మాగాణిగా మార్చినది. 124 మీటర్ల యెత్తు, 26 తలుపులు గల ఆ కట్టడము చెంత నిలిచిన మానవుని పూనిక యెంతటిదో తెలియును. కాని ఇక్ష్వాకుల రాజధాని యగు విజయపురి ఆ జలముల క్రిందనే యున్నదన్న సంగతియు మరువరాదు.

గత ఫాల్గుణమున మా వారి పాఠశాలలోని బాలికలు ఇరువదిమందితో మేమును అచ్చటికి పోయితిమి. వారిని వెంటబెట్టుకొని నడిపించినది ఒకప్పుడు మా వారియొద్దనే చదివి, విదేశమున కొంతకాలము సేవచేసి వచ్చిన యువతి. ఆమెను గూర్చి ఒక మాట చెప్పవలెననియే ఈ యాత్రను వ్రాయుచున్నాము.

కృష్ణను దాటి కుడిగట్టున విజయపురి సౌత్ రేవులో లాంచి యెక్కితిమి. నాగార్జునకొండ యిపుడొక ద్వీపము. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిపి, మునుగనున్న కట్టడములలో ముఖ్యమైనవానిని కొండమీదికిని అనుపునకును తరలించి మరల నిలిపిరి. కొండపై ప్రదర్శనశాల కలదు. శుక్రవారము సెలవు గనుక ఆ దినము తప్పించి పోవలెను.

ఈ స్థలము లోకమునకు తెలిసిన విధము బడిపంతుళ్ళ యిండ్లవారికి గర్వకారణము. 1926లో వెంకటరామయ్యగారను ఉపాధ్యాయు లొకరు ఇచ్చట పురాతన స్తంభమును చూచి మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసిరి. పిదప శాసనశాఖలోని తెలుగు సహాయకులు సరస్వతిగారు వచ్చి పరీక్షించిరి. ఒక పంతులు తాను కన్నదానిని కన్నట్లు చెప్పినందున ఒక మహానగరము వెలికివచ్చినది.

ఇచ్చటి శాసనములలో స్త్రీల పేరులు మెండు. మహాచైత్యమునకు ముఖ్యదాత రాజసోదరి యగు చాంతిసిరి. వీరపురుషదత్తుని కాలమున బోధిశ్రీ యను ఉపాసిక తామ్రపర్ణి, అనగా సింహళదేశపు ఆచార్యులకై చైత్యగృహమును కట్టించి, కాశ్మీరము, గాంధారము, చీనా మున్నగు దేశములవారిని ప్రసన్నులను జేసినది వీరే యని శాసనమున వ్రాయించెను. దూరదేశములలో పనిచేసినవారికి ఒక ఇల్లాలు రాతిపై నిచ్చిన యోగ్యతాపత్రము గదా యది!

ఇక మా యువతి సంగతి. 2002లో జింబాబ్వేలో మొదలైన గ్రాస్‌రూట్ సాకర్ అను సంస్థ బంతియాట నెపమున పిల్లలకు ఎయిడ్స్‌నుండి కాపాడుకొను విధము నేర్పి పేరొందినది. ఆటను ఆరోగ్యబోధకు వాడుకొను అట్టి చిన్న ధర్మసంస్థ యొకదానిలో ఈమె దక్షిణాఫ్రికాలో ఒక యేడాది శిక్షణార్థిగా నుండెను. ఆటకు ముందు ఒళ్ళు సడలించుట, ఎండలో నీరు త్రాగించుట, తలకు దెబ్బ తగిలిన పిల్లను తిరిగి ఆటలోనికి దింపక వైద్యునికి చూపుట, నెలసరి దినములలోని శుభ్రత – ఇవి ఆమె నేర్చి నేర్పిన పాఠములు. ఇపుడొక బాలికా వసతిగృహమున పని కోరగా, అచ్చటివారు “పట్టా యేది? ఏడాదిపాటు ఆటలాడి వచ్చుటయు ఒక చదువేనా?” యని సందేహించిరి.

మేము చూచినది చెప్పెదము. అనుపులో చుట్టును మెట్లుగల ప్రాచీన రంగస్థలముయొద్ద ఎండలో ఒక బాలిక కండ్లు తిరిగి కూలబడెను. మేమందరము మూగి విసరుచుండగా ఈమె మమ్ము దూరముగా నుండుమని, పిల్లను నీడకు చేర్చి వెల్లకిల పరుండబెట్టి, కాళ్ళు ఎత్తి పట్టి, తెలివి కుదిరిన పిమ్మటనే నీరు త్రాగించెను. ప్రక్కకు పిలిచి మెల్లగా అడుగగా, ఉదయమేమియు తినలేదనియు, నెలసరి మిక్కుటముగా నగుచున్నదనియు ఆ పిల్ల చెప్పెను.

సాయంకాలము తల్లి వచ్చి, “ఆటలాడబట్టే ఇట్లయింది గద బిడ్డా?” అనెను.

“ఆటతోని కాదమ్మా. రేపు దవాఖానకు తీస్కపోయి రక్తపరీక్ష చేయించండి. ఏమున్నదో డాక్టరు చెప్తడు” అని ఈమె బదులు చెప్పెను.

పరీక్షలో రక్తహీనత తేలినది. మాత్రలు వాడి ఆ బాలిక ఇపుడు మరల ఖోఖో ఆడుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. కావున ఇది ఏ యొక్క యింటి కథయు కాదు. ఇనుపమాత్రను టీతో పుచ్చుకొనరాదనియు, నిమ్మ, ఉసిరి వంటి పులుపు మేలు చేయుననియు తల్లులు గుర్తుంచుకొనవలెను.

ఆడపిల్లలకు ఆటలేలయను పెద్దలకు ఒక్క సంగతి. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖర మెక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లా బాలిక. సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుకొన్నది. నాటికి ఆమె వయస్సు 13 ఏండ్లు. పిల్లలలో సత్తువ యున్నది. దానిని కనిపెట్టి కాపాడువారు కావలెను.

ఈ యువతిని ఎనిమిదవ తరగతినుండి మేమెరుగుదుము. ఆమె వైద్యురాలు కాదు. మందు తానుగా నియ్యదు. ఎప్పుడు దవాఖానకు పంపవలెనో మాత్రము చక్కగా నెరుగును. మాటలో కొంచెము తొందర కలదు; పెద్దలు చెప్పుచుండగా నడుమ నందుకొనును. కాని పిల్ల తల్లికైనను చెప్పుకొనలేని బాధను నవ్వక, కసరక వినును. ఒకరి రహస్యము మరియొకరికి చెప్పదు. ఇరువదిమందిలో ఎవరు నీరు త్రాగలేదో, ఎవరి చెప్పు కరచినదో సాయంకాలమువరకు ఆమెకు గుర్తున్నది.

సోదరీమణులారా! మీలో పాఠశాలల పెత్తనమునకు దగ్గరివారు కొందరుందురు. విదేశమున పనిచేసి వచ్చిన యువతులు మీ వాకిటికి వచ్చినపుడు, పరదేశపు పేరు విని మురియవలదు, పట్టా లేదని త్రోసివేయనువలదు. ఒక సాయంకాలము ఆటస్థలములో పిల్లలతో విడిచి, దూరమున కూర్చుండి చూడుడు. మేమట్లు చూచియే ఈమె బాలికల ఆరోగ్యమును నమ్మి అప్పగింపదగినదని వ్రాయుచున్నాము.