మెట్లున్న ఓడ

స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకీకి విమానంలో గంట. ఓడలో పదహారు గంటల పైనే. సెమినార్ అయిపోయాక, హెల్సింకీలో చదువుకుంటున్న నా పాత విద్యార్థిని చూడ్డానికి ఓడలోనే పోయాను. అన్నిటికన్నా చవక కేబిన్. కిటికీ లేదు. కార్లూ లారీలూ నిలబెట్టే అంతస్తుకు కూడా కింద ఉంటుంది. గోడకు చెయ్యి ఆనిస్తే ఇంజను వణుకు తెలుస్తుంది.

1920లో ‘మూక్‌నాయక్’ తొలి సంచికలో బాబాసాహెబ్ హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల గోపురంతో పోల్చారు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే పోవాలి. క్లాసులో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పది అంతస్తులు దాటిన ఆ ఓడలో అడుగున నిలబడ్డప్పుడు మళ్ళీ అదే గుర్తొచ్చింది.

కానీ ఓడకు మెట్లున్నాయి. ఎక్కాను. ఎవరూ ఆపలేదు. ఖరీదైన గది తీసుకున్నవాడికి పై డెక్కు మీద తగిలే గాలే నాకూ తగిలింది. మొదటి కొన్ని గంటలూ ఓడ దీవుల మధ్యే నడుస్తుంది. బోడి రాళ్ళు, పైన్ చెట్లు, ఎర్ర రంగు వేసిన చెక్క ఇళ్ళు. డబ్బు పెట్టిన అంతరం అక్కడా ఉంది, దాన్ని కాదనను. కాకపోతే అది పడుకునేటప్పుడే కనబడింది, నిలబడేటప్పుడు కాదు.

అర్ధరాత్రి దగ్గర పడుతుండగా ఓడ ఓలాండ్ దీవుల్లో మారియేహామ్న్ రేవులో కాసేపు ఆగుతుంది. దిగేవాళ్ళు నలుగురైదుగురు. మరెందుకు ఆగడం? యూరోపియన్ యూనియన్ 1999లో తన దేశాల మధ్య ప్రయాణాల్లో సుంకం లేని అమ్మకాలు ఆపేసింది. ఓలాండ్ ఫిన్లాండ్‌దే అయినా అమ్మకం పన్ను విషయంలో యూనియన్ బయటే ఉంది. ఆ రేవును తాకితే చాలు, ఓడలో మందూ సిగరెట్లూ పన్ను లేకుండా అమ్ముకోవచ్చు. చట్టంలో సందు వెతకడం మన కాంట్రాక్టర్లకే తెలుసనుకునేదాన్ని.

బఫే దగ్గర తెలుగు వినపడింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. “మీరు తెలుగువాళ్ళాండీ” అని ఆయనే పలకరించాడు. సంతోషమేసింది. ఏ ఊరు? కాకినాడ దగ్గర. దగ్గరంటే? ఊరి పేరు చెప్పాను. ఊళ్ళో ఎక్కడ? ఇంటిపేరు ఏమిటి? “మీరేమిట్లు” అని అడగలేదు, అంత మొరటు మనిషి కాదు. ఆ ప్రశ్నకు చుట్టూ ఉన్న ప్రశ్నలన్నీ అడిగాడు. ఆయనకెందుకు శ్రమని నేనే చెప్పేశాను: “మాలపల్లెండి.” ఆవిడ చేపముక్క మీద నిమ్మకాయ పిండుతూ ఆగింది. “అలాగాండీ, మంచిది” అన్నాడాయన. తర్వాత కిటికీ పక్కన బల్ల ఖాళీ అయిందని వెళ్ళిపోయారు. ఆ బల్లకు ఆరు కుర్చీలు.

ఆ గోపురం సామాన్లతో పాటు వస్తుంది. ఏ స్కానర్‌కూ అందదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానికి కారణం వాళ్ళు కాదు. అంతకుముందు రోజు స్టాక్‌హోమ్‌లో ‘ఎస్టోనియా’ ఓడ స్మారకం చూశాను. త్రికోణంగా నిలిపిన గోడలు, వాటి మీద పేర్లు. 1994 సెప్టెంబర్ 28న అర్ధరాత్రి దాటాక, టాలిన్ నుంచి స్టాక్‌హోమ్ వస్తున్న ఆ ఓడ ముందు తలుపు అలల దెబ్బకు ఊడిపోయింది. నీళ్ళు కార్ల అంతస్తులోకి వచ్చాయి. గంట తిరక్కుండానే ఓడ మునిగిపోయింది. 989 మందిలో 852 మంది చనిపోయారు. అందులోనూ చవక కేబిన్లు కార్ల అంతస్తు కిందే. ఒరిగిన ఓడలో మెట్లు మెట్లుగా ఉండవు, నడవాలు బావులవుతాయి. బతికినవాళ్ళలో ఎక్కువమంది వయసులో ఉన్న మగవాళ్ళు. పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఒక్కరూ మిగల్లేదు.

“రిజర్వేషన్లు ఉన్నాయిగా, మెట్లు వేశాంగా, ఎక్కండి” అని స్టాఫ్‌రూముల్లో వింటూనే ఉంటాం. మెట్లు ఉన్నాయా అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఓడ ఏ పక్కకు ఒరుగుతోంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోయిన పిల్ల ఏ మెట్టు ఎక్కాలి?

ఆ శుక్రవారం సాయంత్రం నా విద్యార్థితో కలిసి హెల్సింకీ నుంచి టాలిన్ వెళ్ళాను. ఎనభై కిలోమీటర్లు, రెండు గంటలు. ఓడ నిండా సిమెంటు మరకల బూట్లు, పనిముట్ల సంచులు. ఫిన్లాండ్‌లో కూలి ఎక్కువ కనుక ఎస్టోనియా మేస్త్రీలూ వెల్డర్లూ వారమంతా అక్కడ పనిచేసి, సెలవుకు ఇంటికొస్తారు. బల్లల మీద తలలు పెట్టి నిద్రపోతున్నారు. “మన దుబాయ్ వాళ్ళలాగే ఉన్నారు మేడమ్” అంది నా విద్యార్థి. ప్రతి వారం ఇల్లు చూసుకునే దుబాయ్ అన్నాను.

మా ముత్తాత కాకినాడ రేవులో ఓడెక్కి రంగం పోయాడు. కేబిన్ కాదు, డెక్కు మీద. టిక్కెట్టు డబ్బులు మేస్త్రీ అప్పుగా ఇచ్చాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ అప్పు ఎన్నేళ్ళకు తీరిందో ఆమెకూ తెలియదు.

జై భీమ్.