బాణము చూపని దిక్కు

స్పెయిన్‌లోని శాంటియాగో పుణ్యక్షేత్రమునకు పోవు కాలిబాటల వెంట పసుపుపచ్చని బాణములు కనిపించును. 1984లో ఎలియాస్ వలిన్యా అను చర్చి గురువు వీటిని గీయనారంభించెను. అవి శాంటియాగో వైపే చూపును. అక్కడినుండి కాలినడకన మరలువారికి ప్రతి కూడలియు సందేహమే. పోర్చుగల్ మీదుగా పోవు బాటలో మాత్రము కొన్నిచోట్ల ఫాతిమా క్షేత్రమునకు నీలిరంగు బాణములు ఎదురుదిశను చూపుచున్నవి.

2004లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎల్లరును కలిసి గీయు పటము. అందులో ఒక బాటకు ‘సైన్డ్ డైరెక్షన్’ అను లక్షణమును చేర్చి ‘యస్’ అని వ్రాసినచో, గుర్తులు ఒక్క దిశకే కలవని అర్థము. ఎదురుగా నడువరాదను నిషేధము కాదు.

మేము కొందరు విద్యార్థులము గదిలో కూర్చుండి, ఉపగ్రహ చిత్రమును చూచి బాటను గీయగలము. కాని రాతిపై గీసిన బాణము ఆకసమునుండి కానరాదు. దానిని నడచినవారే ఎరుగుదురు. కావున చూడని గుర్తును మేము వ్రాయము. ఆ గడిని ఖాళీగానే విడుతుము.

పోవువారికి దారి చూపువారు పెక్కురు. మరలివచ్చువారికి గుర్తులు లేవని ముందుగా తెలుపుటయు దారి చూపుటయేనని మా నమ్మకము.