బాణీ ఎవరిది?

తెలుగు టీచరున్న బడిలో చదువుకున్నవాళ్ళలో ‘జయజయజయ ప్రియభారత’ పాట రానివాళ్ళు తక్కువ. రాసిందెవరంటే సగం మందైనా దేవులపల్లి కృష్ణశాస్త్రి అని చెప్పగలరు. పాట కింద ఎప్పుడూ ఆయన పేరు అచ్చవుతుంది కాబట్టి. మరి బాణీ ఎవరిదని అడిగి చూడండి. నేను మా ఆఫీసులో అడిగాను. ఉన్న ఆరుగురు తెలుగువాళ్ళమూ పాడగలం. “బాణీ ఏంట్రా, అది ప్రేయర్ కదా!” అన్నాడొకడు, ప్రేయర్లకి బాణీలు వాటంతటవే పుడతాయన్నట్టు.

ఆ బాణీ కట్టింది వింజమూరి అనసూయాదేవి. కృష్ణశాస్త్రి మేనకోడలు. 1920 మే 12న కాకినాడలో పుట్టారు, 2019 మార్చి 23న హ్యూస్టన్‌లో పోయారు. గాయని, హార్మోనియం వాయిద్యకారిణి, స్వరకర్త, జానపద గేయాల సేకర్త. ఐదుగురు పిల్లల తల్లి.

నేను ఆవిడ గురించి వెతకడం మొదలుపెట్టడానికి కారణం సాహిత్యాభిమానం కాదు, ఒక నోటుబుక్కు.

మా అమ్మమ్మది పిఠాపురం. ఆవిడ పోయాక బీరువాలో చీరల కింద రెండొందల పేజీల పుస్తకం దొరికింది. అట్టకి పాత క్యాలెండర్ కాయితం తొడుగు. లోపల అరవై నాలుగు పాటలు: మంగళహారతులు, లాలిపాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, బొమ్మల కొలువు పాటలు. ప్రతి పాట మీదా కుడిపక్కన ‘వరస’ అని రాసి ఒక గుర్తు. ‘వరస: సీతమ్మ పెళ్ళిపాట’. ‘వరస: కిందటి హారతి లాగే, కొంచెం నిదానంగా’. ఒకచోటైతే ‘వరస: రాజమండ్రి పిన్ని పాడేది’.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకి ఈ బాధ వెంటనే తెలుస్తుంది. పాయింటర్ ఉంది, అది చూపించే చోట ఏమీ లేదు. మాటలన్నీ గుండ్రటి అక్షరాల్లో భద్రంగా ఉన్నాయి. పాట మాత్రం లేదు. ఫోన్లో ఉన్న అమ్మమ్మ గొంతు మొత్తం కలిపితే మూడు పాటలు.

అమ్మమ్మ పొద్దున్న తొమ్మిదిమందికి వండేది. మూడింటికి అరుగు మీద చాప పరిచి సెకండ్ హ్యాండ్ హార్మోనియం ముందేసుకునేది. వీధిలో పిల్లలూ, కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్ళూ వచ్చేవారు. ఫీజు లేదు. శ్రీరామనవమి పందిట్లో, దసరాల్లో గుళ్ళో పాడాల్సిన పాటలు వాళ్ళకి నేర్పేది. ఎవరింట్లో పెళ్ళైనా ముందు పాటల కోసం అమ్మమ్మకి కబురొచ్చేది, తర్వాతే శుభలేఖ. ఆవిడ గొప్ప విద్వాంసురాలని నేననను. శ్రుతి అప్పుడప్పుడు జారేది. కానీ తాళం తప్పితే మాత్రం మా తాతయ్యనైనా ఊరుకునేది కాదు.

ఆ ‘వరస’ల ఆచూకీ వెతుకుతూ కాకినాడ ప్రాంతంలో స్త్రీల పాటలు సేకరించినవాళ్ళెవరా అని చూస్తుంటే అనసూయాదేవి దగ్గర ఆగాను. ఆవిడ చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే ఆ ఇల్లు చూడాలి. తండ్రి వెంకట లక్ష్మీనరసింహారావు రంగస్థల నటుడు, పండితుడు. తల్లి వెంకటరత్నమ్మ రచయిత్రి, ‘అనసూయ’ అనే పత్రికకి సంపాదకురాలు. మేనమామ కవి. చెల్లెలు సీతతో కలిసి పాడిన పాటల వల్ల ఆ ఇద్దరి పేర్లూ ఒకే పేరులా ‘సీత-అనసూయ’ అయిపోయాయి. (‘మా భూమి’ చూసినవాళ్ళు సంగీతం దగ్గర వింజమూరి సీత పేరు గమనించే ఉంటారు.)

భావకవిత్వం మీద మనకి బోలెడు విమర్శ ఉంది. ఊహాప్రేయసి గురించీ, షెల్లీ ప్రభావం గురించీ ఎంతో రాశారు. ఆ కవిత్వంలో చాలా భాగం జనానికి పుస్తకంగా కాదు, పాటగా చేరిందన్న సంగతి మాత్రం ఫుట్‌నోట్లో ఉంటుంది. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. సీత-అనసూయలు అక్కడ పాడారు. కచేరీ వేదికల మీద జానపదాన్ని పాడి దానికో మర్యాద తెచ్చారు. కవి రాసిన గేయాన్ని ఊళ్ళో ఇల్లాలు దంపుళ్ళ దగ్గర పాడుకునేలా చెయ్యడం, ఊళ్ళో దంపుళ్ళ పాటని సభలో వినిపించడం, రెండు వైపులా నడిచిన దారి అది.

ఇంకో విశేషం. గమకాలు పలకవని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. అంటే అనసూయాదేవి చేతిలో ఉన్న వాయిద్యానికి ముప్పై ఏళ్ళు రేడియోలో చోటు లేదు. అయినా ఇళ్ళల్లో, అరుగుల మీద, భజనల్లో, నాటకాల్లో పాట కట్టడానికీ నేర్పడానికీ అదే దిక్కు. మా అమ్మమ్మకి ఈ నిషేధం సంగతి తెలుసో లేదో గానీ, తెలిసినా చాప మడిచేసేది కాదు.

ఇలాంటి స్త్రీలు పోయినప్పుడు మనం రాసే నివాళుల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘అటు కుటుంబానికీ ఇటు కళకీ సమన్యాయం చేశారు’. నాకు ఈ వాక్యంతో పేచీ ఉంది. త్రాసులో రెండు తక్కెడలున్నట్టు, ఒకటి బరువెక్కితే రెండోది తేలిపోతుందన్నట్టు ఉంటుందది. అనసూయాదేవి విషయంలో మేనమామ మాటకి మేనకోడలు బాణీ కట్టింది, అక్క పాటకి చెల్లెలు గొంతు కలిపింది. కూతురు రత్నపాప కూచిపూడి నేర్చుకుని 1975లో హ్యూస్టన్‌లో ‘అంజలి’ నృత్య కేంద్రం పెట్టింది. పాట పుట్టిందీ, తర్వాతి తరానికి చేరిందీ కుటుంబంలోనే. ఇందులో న్యాయం చెయ్యాల్సిన రెండు పక్షాలేవి?

అలాగని ఇదంతా సాఫీగా జరిగిపోయిందని కాదు. ఇంట్లో చేసిన పనికి పేరు రాదు. వంటకి ఎలా రాదో బాణీకీ అలాగే. కవి పేరు అచ్చవుతుంది, బాణీ గాల్లో ఉంటుంది, గాల్లో ఉన్నది అందరిదీ అయిపోతుంది. అందుకే కాబోలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ ఇచ్చిన మనిషి కూడా పండు వయసులో తన ఆత్మకథకి ‘అసమాన అనసూయ’ అని పేరు పెట్టుకున్నారు. కింద ‘నా గురించి నేనే’. మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది, ఎంత ధీమా అని. ఇప్పుడు అందులో లెక్క కనిపిస్తోంది. ఆడవాళ్ళ పనికి సంతకం వేరేవాళ్ళు పెట్టరు.

మా అమ్మమ్మకీ అనసూయాదేవికీ మధ్య ప్రతిభలో దూరం ఉంది. అదొక్కటే కాదు, మైకు దూరం కూడా ఉంది. ఆ రెండో దూరాన్ని ఇప్పుడు జేబులో ఫోనున్న ఎవరైనా కొంత తగ్గించవచ్చు. ఆర్నెల్లుగా ఆదివారాలు నేను చేస్తున్న పని అదే.

అరవై నాలుగింటిలో అమ్మకి ఇరవై మూడు పాటల వరస వచ్చు. విశాఖలో పెద్దమ్మకి ఇంకో తొమ్మిది. ఒకే లాలిపాట అక్కాచెల్లెళ్ళిద్దరూ వేర్వేరుగా పాడి, అమ్మ నేర్పింది నాదంటే నాదని ఫోన్లో అరగంట దెబ్బలాడుకున్నారు. రెండూ ఉంచాను. రాజమండ్రి పిన్ని ఎప్పుడో పోయింది. ఆవిడ కోడలు తణుకులో ఉంది, డెబ్బై దాటాయి. “నాకేం వచ్చు బాబూ” అంటూనే మూడు పాడింది. మూడోదానికి మధ్యలో ఆగి, “ఇక్కడ మా అత్తగారు కొంచెం లాగేవారు” అని మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

పాటలకో పట్టిక తయారుచేశాను. రచన, బాణీ, పాడినవారు. బాణీ గడిలో దాదాపు అన్నిటికీ ‘తెలీదు’ అని కొట్టాను. మొన్న అమ్మ కళ్ళజోడు సర్దుకుని తెరంతా చదివింది.

“తెలీదేమిటి? ఎవరి నోట విన్నామో తెలుసుగా. వాళ్ళ పేరు రాయి.”

ఆ గడిలో ఇప్పుడు పిన్నులూ, అత్తలూ, మా వీధి చివరింటి మామ్మగారూ ఉన్నారు. ఇంకా ఇరవై తొమ్మిది ఖాళీగా ఉన్నాయి. తణుకు అత్తయ్యకి మధ్యాహ్నం పూట గొంతు బావుంటుందట, ఆదివారం రెండు దాటాక చెయ్యమంది.