చెప్పి పో నాయనా

మా ఇంట్లో ఒక పాత నియమం ఉంది. గడప దాటేవారు ఎవరైనా మూడు సంగతులు చెప్పి పోవాలి. ఎక్కడికి పోతున్నారు? ఎవరితో పోతున్నారు? ఏ పొద్దుకు తిరిగి వస్తారు? మాది కడప జిల్లాలో జమ్మలమడుగుకు దగ్గరలోని ఒక మెట్ట పల్లె. మా నాయన శనగ, జొన్న పండించే రైతు. చిన్నప్పుడు బావికి ఈతకు పోయినా, చేలో మోటరు వేయడానికి పోయినా ఈ లెక్క అప్పజెప్పవలసిందే. చదువుకొని, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరునయ్యాక ఈ ప్రశ్నలు నాకు చిరాకు పుట్టించేవి. నలభై ఏళ్లు దగ్గరపడినవాణ్ణి, ఇంకా చెప్పి పోవాలా అనుకునేవాణ్ణి. ఆ చిరాకు ఎంత తెలివితక్కువదో 2023 ఏప్రిల్ నెలలో ఒక శనివారం నాకు తెలిసివచ్చింది. ఆ సంగతి చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. సాఫ్ట్‌వేర్ అంటే చల్లని గదిలో కూర్చుని డబ్బు సంపాదించడమే అని మా ఊరివాళ్లు అనుకుంటారు. కూర్చోవడం మాత్రం నిజమే. పొద్దున 10 గంటలకు కూర్చుంటే నడుము పట్టేసేదాకా లేవము. అమెరికా వాళ్లకు తెల్లవారేది మన రాత్రివేళ గనుక భోజనమయ్యాక మళ్లీ ఫోనులో సమావేశాలు. నెలకు ఒక వారం నాకు కాపలా వంతు కూడా వస్తుంది. ఆ వారంలో మా కంపెనీ కంప్యూటర్లలో ఏది నిలిచిపోయినా, అర్ధరాత్రి 2 గంటలైనా నా ఫోను మోగుతుంది.

ఇలా కూర్చుని కూర్చుని బరువు పెరిగాను. డాక్టరుగారు హెచ్చరించాక సెలవు రోజుల్లో కొండలెక్కడం మొదలుపెట్టాను. అయితే కొండల మీద ఇష్టం కంటే సామాను మీద మోజు ముందు పెరిగింది. అడుగులు లెక్కపెట్టి, నడిచిన దారిని గీత గీసి చూపించే గడియారం కొన్నాను. నుదుటికి కట్టుకునే లైటు, గొట్టంతో నీళ్లు పీల్చుకునే సంచి, రాళ్ల మీద జారని బూట్లు కొన్నాను. బూట్ల వెల అడిగి తెలుసుకొని మా నాయన, "ఈ దుడ్లకు రెండు గొర్రెపిల్లలు వస్తాయి గదరా" అన్నాడు. ఇల్లంతా నవ్వింది.

ఆ ఏప్రిల్‌లో సెలవు పెట్టి ఊరికి వచ్చినప్పుడు గండికోట లోయలోకి దిగి వీడియో తీయాలని బుద్ధి పుట్టింది. జమ్మలమడుగు నుండి గండికోట 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్నా నది చీల్చుకొని పోయిన చోటు అది. రెండు పక్కలా ఎర్రటి రాతి గోడలు, దాదాపు 300 అడుగుల లోతు. ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. పైనుండి చూసి పోయేవాళ్లే ఎక్కువ. మా అక్క కొడుకు, 13 ఏళ్లవాడు, "మామా, నేనూ వస్తా" అన్నాడు.

తెల్లవారి 6 గంటలకు బండి తీస్తుంటే నాయన గడపలో నిలబడ్డాడు.

"యాడికి పోతాండారు?"

"గండికోటకు నాయనా."

"కోట చూసి వస్తారా, లోయలోకి దిగుతారా?"

"మసీదు దాటి, ఆ పక్కనుండి లోయలోకి దిగుతాం."

"ఏ పొద్దుకొస్తారు?"

"12కంతా ఇంట్లో ఉంటాం, పో నాయనా లోపలికి" అని విసుక్కున్నాను. ఆ విసుగు మాటలే మమ్మల్ని కాపాడతాయని అప్పుడు తెలియదు.

దిగడం బాగానే దిగాము. పెద్ద పెద్ద బండల మధ్య సందులోంచి నీళ్ల అంచుదాకా పోయి, వీడియోలు తీసుకున్నాము. గడియారం ఒకసారి నేను నది మధ్యలో ఉన్నట్టు చూపించింది. చూసి నవ్వుకున్నాను. నిజానికి అది నవ్వే సంగతి కాదు. ఆ గడియారానికి దారి తెలిసేది భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల వల్ల. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు తిన్నగా అందితేనే అది మనమున్న చోటును సరిగా లెక్క కడుతుంది. లోయ అడుగున ఆకాశం సన్నని పట్టీలాగా కనిపిస్తుంది. కొన్ని సంకేతాలు రాతి గోడలకు తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా చేరుతాయి. లెక్క తప్పుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు, ఆ వేళ మనసుకు రాలేదు. పైకి వచ్చేటప్పుడు గడియారంలోని గీతనే నమ్మి, దిగిన సందు విడిచి పక్క సందులోకి ఎక్కాను.

"మామా, దిగేటప్పుడు ఈ జువ్విచెట్టు లేదు" అన్నాడు పిల్లవాడు.

"గడియారం చెబుతోంది గదా, రా" అన్నాను.

కొంత ఎక్కాక ఎదురుగా నిలువు గోడ వచ్చింది. వెనక్కి తిరగబోతుంటే ఒక రాయి కదిలి నా కాలు మడత పడింది. అడుగు మోపలేకపోయాను. అప్పటికి పదిన్నర. బండలు సెగలు కక్కుతున్నాయి. సంచిలో అర లీటరు నీళ్లు మిగిలాయి. ఎండలో వీడియోలు తీసిన ఫోను వేడెక్కిపోయి దానంతటదే ఆగిపోయింది. నీడలో చల్లబడ్డాక వెలిగింది గాని సిగ్నలు లేదు. 112కు ఫోను చేయాలన్నా ఏదో ఒక కంపెనీ సిగ్నలు ఉండాలి గదా. పిల్లవాణ్ణి ఒంటరిగా పైకి పంపడానికి ధైర్యం చాలలేదు.

చేతి గడియారం మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంది. 9,412 అడుగులు వేశావంది. గుండె నిమిషానికి 124 సార్లు కొట్టుకుంటోందంది. నా సంగతులన్నీ నాకే చెబుతోంది. నేను ఆపదలో ఉన్నానని ఇంకొకరికి చెప్పే దారి దానికి లేదు. పిల్లవాడు ఏడవలేదు. నీడలోకి జరిగి కూర్చుని, "ప్రార్థన చేసుకుందామా మామా" అన్నాడు. చేసుకున్నాము. 12 అయ్యింది. 1 అయ్యింది. పిల్లవాడి పెదవులు ఎండిపోవడం చూస్తుంటే నా గుండె తరుక్కుపోయింది.

రెండున్నర దాటాక పైనుండి కేక వినిపించింది. పిల్లవాడు లేచి గొంతు చించుకొని అరిచాడు. కోట లోపలి ఊరి మేకలకాపరి ఒకాయన, మా పక్కింటి అన్న, వాళ్ల వెనక డెబ్బై ఏళ్లు దగ్గరపడిన మా నాయన. తిట్టలేదు. ముందు పిల్లవాడికి కొంచెం కొంచెంగా నీళ్లు తాగించాడు. తరువాత నా వైపు చూసి, "12 అన్నావు. పన్నెండున్నర దాకా చూసినా. రాలేదు, మేమే వచ్చినాము" అన్నాడు. అంతే.

జమ్మలమడుగులో కాలికి కట్టు కట్టించుకొని ఇంటికి చేరాక, ఆ రాత్రి ఆరుబయట మంచం మీద పడుకొని ఆలోచించాను. నా ఉద్యోగంలో మేము చేసే పని కూడా ఇదే గదా! మా కంప్యూటర్లు కొన్ని క్షణాలకొకసారి "నేను బాగున్నాను" అని ఒక చిన్న సందేశం పంపుతూ ఉంటాయి. దాన్ని మేము గుండె చప్పుడు అంటాము. ఆపదలో పడ్డ యంత్రం సహాయం అడగలేదు, ఎందుకంటే అది అప్పటికే ఆగిపోయి ఉంటుంది. అందువల్ల సందేశం రాకపోవడాన్నే కేకగా తీసుకొని, మాలో ఒకరిని నిద్ర లేపే ఏర్పాటు చేస్తాము. ఈ సంగతి నాయనకు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొని, "అయితే మీ మిషన్లకు గూడా ఇంటికాడ ఒక నాయన ఉండాడన్నమాట" అన్నాడు.

అప్పుడు మా అమ్మ లోపలి నుండి ఒక మాట అంది. "ఫిబ్రవరిలో మీ నాయన ఐదు దినాలు జ్వరంతో పండుకున్నాడు. నువ్వు రెండు ఆదివారాలు ఫోన్ చేయలేదు. పనిలో ఉంటావని మేమూ చేయలేదు."

కాలి నొప్పి కంటే ఆ మాట ఎక్కువ బాధపెట్టింది. ఎక్కడో ఉన్న యంత్రాలు అర నిమిషం మౌనంగా ఉంటే నాకు నిద్ర లేదు. కన్న తల్లిదండ్రులు రెండు వారాలు మౌనంగా ఉంటే నాకు తెలియనే లేదు. నా మౌనాన్ని నాయన అరగంటలో గుర్తుపట్టాడు.

అప్పటి నుండి మా ఇద్దరికీ ఒక ఒప్పందం. ప్రతి రాత్రి 8 గంటలకు నాయన నాకు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. ఖర్చు లేదు. ఎనిమిదిన్నరకు రాకపోతే నేను ఫోన్ చేస్తాను. ఒక రాత్రి రాలేదు. నేను చేస్తే మోగలేదు. చేతులు వణుకుతుండగా పక్కింటి అన్న నంబరు వెతుకుతున్నాను. ఇంతలో ఆ నంబరు నుండే ఫోన్. "నా ఫోను తొట్టిలో పడింది నాయనా. నువ్వు చూస్తాంటావని వీళ్లింటికి వచ్చినా" అన్నాడు నాయన. నేను కొన్న ఏ పరికరమూ నాకు అంత నెమ్మది ఇవ్వలేదు.

పరికరాలు వద్దని నేను చెప్పడం లేదు. ఇప్పటికీ కొండలకు పోతున్నాను. అయితే ఎండాకాలంలో పోను, నీళ్లు రెండింతలు తీసుకుపోతాను, పిల్లవాడు చెట్టు లేదంటే ఆగి చూస్తాను. అన్నిటికంటే ముందు, ఏ దారిన పోతున్నానో, ఏ పొద్దుకు వస్తానో ఇంట్లో చెప్పి పోతాను. తిరిగి వచ్చాక వచ్చానని కూడా చెబుతాను.

ప్రియ చదువరులారా, ఆదివారం ఆరాధన అయిపోయాక మా నాయన చాప మీద ఎవరి చోటు ఖాళీగా ఉందో చూసి, అన్నానికి ఇంటికి రాకుండా ముందు వాళ్లింటికి పోయి వస్తాడు. చిన్నప్పుడు ఆకలితో కాచుకొని విసుక్కునేవాళ్లం. ఆయన ఏం చేస్తున్నాడో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. మీ ఇంటిలో, మీ సంఘంలో ఈ మధ్య ఎవరి గొంతు వినబడలేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వాళ్లు పిలిచేదాకా ఆగకండి.