కొబ్బరి సీమలో నక్కతోక చుట్టం

చించినాడ వంతెన మీద నిలబడి చూస్తే వశిష్ఠ గోదావరికి ఇటూ అటూ కొబ్బరి చెట్లే. వంతెన దిగితే దిండి. నీటి మీదికి వంగిన చెట్లు, వాటి నీడలో కదిలే హౌస్‌బోట్లు, మట్టల సందుల్లోంచి తొంగిచూసే పెంకుటిళ్లు... పిల్లాపాపలతో వచ్చినవాళ్లు ఇక్కడ రెండు రోజులుండి, బొండాలు తాగి, అంతర్వేది నరసింహస్వామిని దర్శించుకుని వెళుతుంటారు.

అంతా కొబ్బరే అనుకుంటూ కోనసీమ ఊళ్ల మీదుగా పోతుంటే మధ్యలో ఓ కొత్త మొహం పలకరిస్తుంది. డాబాల గేట్ల ముందు, ఫంక్షన్ హాళ్ల దారికి అటూ ఇటూ జంటగా నిలబడే చెట్టది. నున్నటి బూడిదరంగు మాను. పైన కుచ్చుల్లాంటి మట్టలు. కొబ్బరి మట్టకు ఆకులు రెండు వైపులే ఉంటాయి. దీనికి ఈనె చుట్టూరా ఉంటాయి. అందుకే మట్ట మొత్తం గుబురుగా నక్కతోకలా కనిపిస్తుంది. పేరు కూడా అదే... ఫాక్స్‌టెయిల్ పామ్!

ఒక్క కొండ చెట్టు

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ కూడా క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన ఉన్న కేప్ మెల్‌విల్ బండరాళ్ల కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. శాస్త్రలోకానికి దీని సంగతి 1970ల చివరి దాకా తెలియదు. ఆ కొండల గురించి తరతరాల జ్ఞానం మిగిలిన చివరి ఆదివాసీ పెద్ద వాడ్యెటి 1978లో కన్నుమూశాడు. 1983లో ఇర్విన్ అనే శాస్త్రవేత్త ఈ చెట్టుకు ఆయన పేరే పెట్టాడు... వాడ్యెటియా బైఫర్కేటా అని. అందం చూసి ప్రపంచమంతా ఎగబడింది. 1990ల్లో అక్కడి నేషనల్ పార్కులోంచి విత్తనాలు దొంగతనంగా తరలిపోవడం పెద్ద గొడవే అయింది. ఇప్పుడు అడవి నుంచి తేవాల్సిన పనిలేదు, నర్సరీ చెట్లే కావలసినన్ని విత్తనాలిస్తున్నాయి.

దిండి నుంచి రాజోలు, రావులపాలెం మీదుగా వెళ్లి గౌతమి వంతెన దాటితే జొన్నాడ, ఆపైన కడియపులంక. మైళ్ల పొడవునా నర్సరీలే. పూలమొక్కల మధ్య ఫాక్స్‌టెయిల్ మొక్కలు వరసలుగా కనిపిస్తాయి. మన గాలి దానికి కొత్తకాదు. కేప్ మెల్‌విల్ భూమధ్యరేఖకు దక్షిణాన ఎంత దూరమో, దిండి ఉత్తరాన దాదాపు అంతే. వానాకాలం, ఎండాకాలం, సముద్రపు గాలి, తుపాన్లు... అన్నీ అక్కడా ఉన్నవే. వేళ్ల దగ్గర నీరు నిలవకపోతే చాలు.

చుట్టం వేరు, ఇంటిమనిషి వేరు

చుట్టం అందగాడే కానీ సంసారం నడిపేది కొబ్బరే. కాయ, కొబ్బరినూనె, పీచు, ఈనెల చీపురు, చివరికి వంటచెరకు... పారేసేదేమీ లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఈ తోటల్ని పడగొట్టినప్పుడు కూలింది చెట్లే కాదు, ఇళ్ల రాబడి. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి.

ఇప్పటి భయం గాలివాన ఒక్కటే కాదు. 2016లో దక్షిణ భారతంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఇక్కడి తోటలనూ పట్టింది. ఆకు అడుగున వలయాలుగా తెల్లటి మైనం, పైన జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి... ఇవీ గుర్తులు. దీనికి కొబ్బరే కానక్కరలేదు. అరటి, జామ, అలంకార మొక్కలూ ఇష్టమే. ఊరి నుంచి ఊరికి అది మొక్కలతోపాటే ప్రయాణం చేస్తుంది. కాబట్టి ఏ నర్సరీ నుంచి ఏ మొక్క కొన్నా ముందు ఆకు తిరగేసి చూడటం మంచిది. కనిపించిందని పురుగుమందులు కుమ్మరించకూడదు. ఈ దోమను తినేసే బుల్లి పరాన్నజీవి కందిరీగలు కూడా చచ్చిపోతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రపురుగులను, మేలుచేసే శిలీంద్రాన్ని నమ్ముకోమంటున్నది అందుకే.

ఎవరికైనా కలిసొస్తే ‘నక్కతోక తొక్కాడు’ అంటాం. ఒక్క కొండకే పరిమితమైన చెట్టు గోదావరి గట్టుదాకా రావడం దాని అదృష్టం. గేటు ముందు దాన్ని నాటుకునేవారు ఒక్కసారి ఆకు తిరగేసి చూస్తే... పెరట్లోని కొబ్బరికీ ఆ అదృష్టం దక్కుతుంది.