మద్దలేనా వంతెన మీంచి వెసూవియస్

వెసూవియస్ అగ్నిపర్వతం ఎక్కే ముందు ఆ కొండ బొమ్మ చూడాలనిపించి, నేపుల్స్‌లో కాపోదిమోంతె వెళ్లే బస్సెక్కాను. బూర్బన్ రాజులు 1738లో కట్టడం మొదలుపెట్టిన భవనం అది, ఇప్పుడు మ్యూజియం. జనమంతా చిత్రకారుడు కారవాజ్జో బొమ్మ ముందు గుమిగూడి ఉన్నారు. వాళ్లను తప్పించుకుంటూ పోయి పియెర్ జాక్ వొలేర్ బొమ్మ ముందు ఆగాను.

తూలోన్‌లో పుట్టిన ఈ ఫ్రెంచివాడు నేపుల్స్‌లో స్థిరపడి, ఈ కొండనే పదేపదే గీశాడు. ఈ బొమ్మలో రాత్రివేళ. కొండ నెత్తిన నిప్పు, ఆకాశాన్ని మింగేస్తున్న పొగ. సముద్రం మీద ఒకపక్క నిప్పు ఎరుపు, ఇంకోపక్క చల్లటి వెన్నెల. ఆ రెండు వెలుగులనూ ఎదురెదురుగా నిలపడమే వొలేర్ పనితనం. యూరప్ యాత్రకొచ్చిన ధనవంతులు ఇలాంటి బొమ్మల్ని ఎగబడి కొనుక్కుపోయేవారు. 1774లో నేపుల్స్ వచ్చిన ఇంగ్లండ్ చిత్రకారుడు జోసెఫ్ రైట్, పెద్ద పేలుడేదీ చూడకుండానే ముప్పైకి పైగా వెసూవియస్‌లు గీశాడు. ఇంకో ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ మరీను, 1817లో వెసూవియస్ పేలుడు గీసేనాటికి నేపుల్స్ మొహమే చూడలేదు!

వాళ్ల మంటల్లో అందం ఉంది, కాదనను. వొలేర్ మంట కింద మాత్రం మనుషులున్నారు. మద్దలేనా వంతెన మీద హడలిపోయి పరుగులు తీసేవాళ్లు, దండం పెట్టేవాళ్లు. అక్కడే నేపుల్స్‌ను కాచే సెయింట్ జెన్నారో విగ్రహం, కొండకేసి చెయ్యెత్తి ఆగమంటున్నట్టుగా. 1767 పేలుడు తర్వాత పెట్టిన విగ్రహం అది. (ఇదే మ్యూజియంలో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ గీసిన 1985 నాటి వెసూవియస్ కూడా ఉంది. రంగులు దండిగా ఉన్నాయి, భయమే లేదు.)

మర్నాడు ఆ వంతెన వెతుక్కుంటూ వెళ్లాను. దాని కింద పారిన ఏరు కనబడదు, చుట్టూ వాహనాల రొద. జెన్నారో మాత్రం ఎత్తిన చెయ్యి దించలేదు.

ఇక కొండెక్కడానికి ఎర్కొలానో దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన బూడిదరంగు కంకర దారిలో నడక. 1281 మీటర్ల కొండ. బిలం అంచున నిలబడి తొంగిచూస్తే మంట లేదు, రాళ్ల సందుల్లోంచి సన్నటి ఆవిరి, అంతే. 1944 మార్చి తర్వాత ఇది పేలలేదు. వెనక్కి తిరిగితే నీలంగా అఖాతం, దూరాన కాప్రి దీవి. కొండ పాదం నుంచి తీరం దాకా ఇళ్లే ఇళ్లు. నాకు దిగులు పుట్టించింది బిలం కాదు, ఆ ఇళ్లే. కొండ మళ్లీ నిద్రలేస్తే ముందుగా ఖాళీ చేయించాలని ఇటలీ ప్రభుత్వం గీత గీసిన మేరలో 25 పురపాలికలున్నాయి. వాటిలో ఆరు లక్షలకు పైగా జనం కాపురముంటున్నారు.