నా లెక్కలు నావి మాత్రమే కావు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారేసరికి బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా వీధిలోకి వచ్చేసింది. ఉదయం మోకాలిలోతున్న నీరు మధ్యాహ్నానికి నడుము దాటింది. పై అంతస్తులో కాపురం ఉన్నందున ప్రాణాలు దక్కాయి, అల్‌హమ్దులిల్లాహ్. కింద ఉన్న మా దుకాణం మాత్రం మునిగిపోయింది.

మాది కుట్టు సామగ్రి టోకు వ్యాపారం: దారాలు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డ. మా ఖాతాదారుల్లో అధికులు ఇంటివద్ద మిషను కుట్టుకొనే స్త్రీలు. కొందరు అరువు తీసుకొనేవారు. మరికొందరు రంజాన్ సీజనులో సరుకు కొరత రాకూడదని నెలనెలా కొంత సొమ్ము ముందుగానే నావద్ద జమ చేసేవారు. ఆ లెక్కలన్నీ ఒకే కంప్యూటరులో ఉండేవి. వాటి నకలు హార్డ్ డిస్కులో ఉండేది. ఆ డిస్కు అదే బల్ల సొరుగులో ఉండేది! రెండూ ఒకే నీటిలో మునిగాయి.

నీరు తీసిన తర్వాత నేను మరో పొరపాటు చేశాను. తడిసిన కంప్యూటరును రెండు రోజులు ఎండబెట్టి స్విచ్చి వేశాను. తడిసిన డిస్కుకు కరెంటు ఇవ్వకుండా నిపుణుడికి అప్పగించి ఉంటే కొంతైనా దక్కేదేమోనని తర్వాత తెలిసింది.

పెద్ద వ్యాపారులకు ఇచ్చిన బిల్లులు, నేను కొన్న సరుకు బిల్లుల వివరాలు జీఎస్టీ పోర్టల్‌లో దొరికాయి. బ్యాంకు జమా ఖర్చులు బ్యాంకులో దొరికాయి. కానీ ఆ స్త్రీలు చేతికిచ్చిన నగదు లెక్క ఏ పోర్టల్‌లోనూ లేదు.

వారం తర్వాత ఒక ఆపా దుకాణానికి వచ్చారు. ఆమె కుట్టుమిషను కూడా బురదలో కూరుకుపోయింది. కొత్తది కొనడానికి తన జమ తిరిగి కావాలన్నారు. “ఎంత ఉందో మీ చీటీలో చూశారా ఆపా?” అని అడిగాను.

“చీటీ నేనెందుకు రాస్తాను భాయ్? మీ కంప్యూటరులో ఉంటుంది కదా!” అన్నారామె.

నా నోట మాట రాలేదు. నిజం చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “నాలుగు వేలో, అయిదు వేలో ఉండాలి. నాలుగే ఇవ్వండి. అనుమానమున్న సొమ్ము నాకు వద్దు” అన్నారు. అయిదు వేలు తీసుకొమ్మని ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు రావలసిన అరువు పోతే అది నా నష్టం, సహించగలను. నేను ఇవ్వవలసినది ఎంతో నాకే తెలియకపోతే అది ఇతరుల హక్కు పోవడం. అప్పును రాసి ఉంచుకోవాలన్న ఆదేశం సూరా బఖరా 282వ ఆయతులో ఉందని బాల్యం నుంచీ వింటున్నాను. రాసింది చెరిగిపోకుండా కాపాడటం కూడా ఆ బాధ్యతలో భాగమేనని అప్పుడే గ్రహించాను.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. లెక్కలు మూడుచోట్ల ఉంటాయి: దుకాణంలోని కంప్యూటరులో ఒకటి, గుంటూరులోని మా తమ్ముడి ఇంట్లో ఒక డిస్కులో రెండవది, ఇంటర్నెట్ నిల్వలో మూడవది. కంప్యూటరు పై అంతస్తుకు చేరింది. ఫోను పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఇంటర్నెట్ నకలు కూడా తెరుచుకోదు. అందుకే ఖాతా తిరిగి పొందే కోడ్‌లను కాగితంపై రాసి నా భార్య వద్ద ఒకటి, తమ్ముడి వద్ద ఒకటి ఉంచాను. నాకేదైనా జరిగినా వారు లెక్క తేల్చగలగాలి. డబ్బు జమ చేసిన ప్రతి ఒక్కరికీ రసీదు ఇస్తున్నాం. అది వారి ఫోనుకు సందేశంగానూ వెళుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. తెరిచి చూడని నకలును నమ్మకూడదు. నెలకొకసారి మా అమ్మాయి ఆ నకలును వేరొక కంప్యూటరులో తెరుస్తుంది. “అబ్బా, మొదట ఎవరి ఖాతా చూడమంటారు?” అని అడుగుతుంది.

ప్రతిసారీ ఆ ఆపా ఖాతానే తెరవమంటాను. అందులో ఆమె పేరిట వెయ్యి రూపాయలు జమ రాసి ఉంచాను. ఆమె ఇంకా తీసుకోలేదు.